చిన్న కారుకి సిగ్గెందుకండీ?

పదిహేనేళ్లు దాటిన కారు ఇంటి ముందు కనపడితే ఆర్టీవో వాళ్లు వచ్చి ఎత్తుకుపోతారని ఎవరు చెప్పారండీ మీకు? ఈ మధ్య మా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్లలో ఇదే మాట. తుక్కు బేరగాళ్లు చిన్న వ్యాను వేసుకొని వస్తారు. పశువుల పాక పక్కన దుమ్ము కొట్టుకొని ఉన్న మారుతి 800ని చూస్తారు. "ఇంకా ఉంచుకున్నారేంటి బాబాయ్, కొత్త రూలు వచ్చింది, 15 ఏళ్లు దాటితే తుక్కే, కేసు రాస్తారు" అంటారు. బాబాయ్ బెదిరిపోతాడు. 20 వేలో 22 వేలో చేతిలో పెట్టి, తాడు కట్టి లాక్కుపోతారు. నెల తిరక్కుండా అదే బాబాయ్ ఫైనాన్స్ ఆఫీసులో కూర్చొని, ఏడేళ్ల కిస్తీల మీద పెద్ద బండికి సంతకాలు పెడుతుంటాడు.

ఈ రెండు పనుల మీదా నాకు కోపం ఉంది. రెండింటికీ వేరు ఒకటే. చిన్న కారు ఉండటం చిన్నతనం అనుకోవడం. నా దగ్గర రెండు చిన్న కార్లున్నాయి. ఒకటి నాన్న కొన్న 1999 మోడల్ మారుతి 800, ఏడు నెలలు కూర్చొని బాగు చేయించాను. రెండోది నిరుడు దసరాకి తెచ్చుకున్న ఆల్టో కే10. రెండూ నడుపుతున్నాను కాబట్టే ఈ మాట గట్టిగా అంటున్నాను.

ముందు రూలు సంగతి తేల్చేద్దాం, మోసం అక్కడే మొదలవుతోంది కాబట్టి. డీజిల్ కారుకి 10 ఏళ్లు, పెట్రోలు కారుకి 15 ఏళ్లు అనే గొడవ ఢిల్లీది, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. అక్కడి గాలి కాలుష్యం మీద గ్రీన్ ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలవి. తెనాలికీ, నరసరావుపేటకీ, నల్గొండకీ వాటితో సంబంధం లేదు. మన దగ్గర సొంత కారుకి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత బండిని తీసుకెళ్లి చూపించి, నడపడానికి పనికొస్తుందని రాయించుకొని, ఫీజు కడితే ఇంకో 5 ఏళ్లు. ఆ తర్వాత మళ్లీ 5. 2021లో తెచ్చిన తుక్కు పాలసీ కూడా బండి బాగున్నా సరే అమ్మేసుకోండి అని సొంత కారు వాళ్లని బలవంతపెట్టలేదు. పరీక్షలో తప్పిన బండి సంగతి వేరు.

ఇంకో మాట. నిజంగానే తుక్కుకి ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన స్క్రాప్ కేంద్రానికి ఇవ్వాలి. వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారు, దానితో ఆర్‌సీ రద్దు చేయించుకోవాలి. వీధిలోకి వచ్చిన వాడికి తాళాలు ఇచ్చేస్తే ఆర్‌సీ మీ పేరు మీదే ఉండిపోతుంది. రేపు ఆ నంబరు ఏ బండికి తగిలిస్తారో, అది ఎక్కడ తేలుతుందో మీకు తెలియదు. నోటీసు మాత్రం మీ ఇంటికొస్తుంది.

ప్రభుత్వం తప్పేం లేదని కాదు నేననేది. ఫీజు విషయంలో బాగా వాయించారు. నా బండికి 2019లో రెన్యువల్ ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి దాన్ని 5,000 చేశారు, 2024లో నేను అదే కట్టాను. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10,000 అన్నారు. ఇంకా పెంచకపోతే 2029లో నాకు పడేది అంత. పాత బండి పొగ ఎక్కువ వదులుతుంది, ఒప్పుకుంటాను. కానీ నా 800 ఏడాదికి రెండు వేల కిలోమీటర్లు తిరిగితే ఎక్కువ. పట్నంలో రోజూ వంద కిలోమీటర్లు తిరిగే పెద్ద బండి తాగే పెట్రోలు ముందు ఇదెంత? ఎంత తిరిగావు అని అడగని ఫీజు అది, ఎప్పుడు పుట్టావు అని మాత్రమే అడుగుతుంది.

తమాషా ఏంటంటే 50 ఏళ్లు దాటిన బండికి అదే ప్రభుత్వం వింటేజ్ అని పేరు పెట్టి, ప్రత్యేకంగా నంబరిచ్చి, వారసత్వం అంటుంది. 15 ఏళ్లకి ముసలిదట, 50 ఏళ్లకి ముత్తయిదువట! మధ్యలో ఉన్న 35 ఏళ్లు దాన్ని ఎవడు కాపాడాలి? ఇప్పుడు మనం తాడు కట్టి పంపించేసేవి మిగిలితే కదా అప్పుడు వింటేజ్ అయ్యేది. మన దేశంలో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబర్ 14న. అంటే మొట్టమొదటి 800కి కూడా ఆ గౌరవం 2033 దాకా రాదు.

ఆ మొదటి కారు కథ తెలుసా? ఢిల్లీలో హర్‌పాల్ సింగ్ అనే ఆయన డ్రాలో గెలుచుకున్నాడు. ఇందిరా గాంధీ స్వయంగా తాళాలు ఇచ్చారు. అప్పట్లో షోరూం ధర 47,500. ఆయన 2010లో పోయేదాకా దాన్ని అమ్మలేదు. ఆ తర్వాత పట్టించుకునే వాళ్లు లేక తుప్పు పట్టిపోయింది, మన పాకల పక్కన ఉన్న వాటిలాగే. చివరికి దాన్ని మళ్లీ కొత్తదానిలా చేసి కంపెనీ తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. చేసిన కంపెనీకే దాన్ని తుక్కుకి పంపబుద్ధి కాలేదు, మనకెందుకు అంత తొందర?

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలియదు. మన 800 జపాన్‌లో పుట్టినప్పటి పేరే ఆల్టో. 1979లో సుజుకీ కంపెనీ చవక కారుగా అక్కడ ఆల్టో తెచ్చింది. ఆ తరం బండే మన దగ్గరికి వచ్చి మారుతి 800 అయింది. 1986లో వచ్చిన, మనందరికీ తెలిసిన ఆ రెండో రూపం కూడా ఆల్టో రెండో తరమే. తర్వాత 2000లో ఇక్కడికి ఆల్టో అని వేరే బండి వచ్చి, మెల్లగా 800 స్థానం తీసుకుంది. తాత పేరు మనవడికి పెట్టినట్టు. కాబట్టి 800 వాళ్లు, ఆల్టో వాళ్లు అని రెండు జట్లు లేవు. ఒకే ఇంటి పేరు.

2010లో కొత్త కాలుష్య నిబంధనలు వచ్చి హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 800 అమ్మకం ఆపేశారు. అయినా చిన్న పట్నాల్లో, మనలాంటి వాళ్ల చేతుల్లో, ఇంకో నాలుగేళ్లు బతికింది. 2014 జనవరిలో ఆఖరి బండి బయటికొచ్చే నాటికి మన దేశంలో అమ్మినవి 26 లక్షల పైమాట. నగరం వద్దన్నాక కూడా దాన్ని మోసింది మనమే. ఇప్పుడు తాడు కడుతున్నది కూడా మనమే.

ఇక బాగు చేయించడం. "96 వేలు పెట్టి పాత ఇనుమును బాగు చేయించాడు, పిచ్చి పట్టింది" అని మా ఊళ్లో టీ కొట్టు దగ్గర అన్నారు. మా బావమరిది నా మొహం మీదే అన్నాడు. ఆ 96 వేలు దేనికయ్యాయో చెబుతాను, పిచ్చో కాదో మీరే చూడండి.

అందులో 41 వేలు టింకరింగుకీ, రంగుకీ. ఎందుకంత అంటే రేకు పోయింది. మన కార్లకి తుప్పు పట్నం కార్ల కన్నా ముందే వస్తుంది. కారణం మనమే. డిక్కీలో యూరియా బస్తా, పొటాష్ బస్తా వేస్తాం. బస్తా చిల్లి పడి గుప్పెడు కారుతుంది, చాప కింద చేరుతుంది. ఎరువు గాల్లో తేమ పీల్చుకుంటుంది, ఆ ఉప్పు నీరు రేకుని తింటుంది. నా బండిలో డిక్కీ అడుగున చెయ్యి పట్టేంత కంత. డ్రైవరు కాళ్ల దగ్గర చాప ఎత్తితే రోడ్డు కనపడేది. తలుపుల అడుగున నీళ్లు కారడానికి కంపెనీ పెట్టిన చిన్న చిల్లులుంటాయి. అవి మట్టితో పూడిపోతే నీళ్లు లోపలే నిలిచి తలుపు కిందనుంచి కుళ్లుతుంది. సైకిలు పుల్లతో ఏడాదికి రెండుసార్లు పొడిస్తే పోయేది, ఎవడు పొడుస్తాడు?

ఇక్కడే ఎక్కువమంది మోసపోయేది. మొదట అడిగిన చోట 15 వేలకి చేసిస్తామన్నారు. అంటే ఏం చేస్తారు? తుప్పు మీదే లప్పం పూసి, నున్నగా రుద్ది, రంగు కొడతారు. పెళ్లి ఫొటోకి బాగుంటుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి లప్పం పెచ్చులుగా లేచి, కింద రేకు ముందుకన్నా ఎక్కువ పోయి ఉంటుంది. పుచ్చిన చోట రేకు కోసెయ్యాలి, కొత్త రేకు వెల్డింగ్ పెట్టాలి, ప్రైమరు కొట్టాలి, అడుగున కోటింగ్ వెయ్యాలి. లప్పం చివర్లో, గీతలు కనపడకుండా ఉండటానికి మాత్రమే. మా టింకరింగ్ అతను అరవై ఏళ్ల మనిషి. రేకుని సుత్తితో కొడుతూ, అరచేత్తో తడిమి చూసేవాడు. కంటికి కనపడని సొట్ట చేతికి తెలుస్తుందట. అలాంటి చేతికి ఇచ్చిన కూలి దండగ అనేవాడికి పని అంటే ఏంటో తెలియదని నా లెక్క.

ఇంజనుకి అయింది 18,500. 796 సీసీ, మూడు సిలిండర్లు. పైన హెడ్ అల్యూమినియం. నీళ్లు లేకుండా వేడెక్కించి నడిపితే అది వంకర తిరుగుతుంది, గ్యాస్‌కెట్ పోతుంది. మన వైపు మెకానిక్కులకి ఒక అలవాటుంది, వేడెక్కుతోందనగానే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. వద్దండీ. అది లేకపోతే ఇంజను తగినంత వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది. వేడికి అసలు కారణం రేడియేటర్ పూడిపోవడమో, ఫ్యాను తిరక్కపోవడమో, గొట్టం పగలడమో అయి ఉంటుంది. అది వెతకాలి. అలాగే టైమింగ్ బెల్టు. బండి నడవకుండా పదేళ్లు నిలబడినా రబ్బరు రబ్బరే, ఎండిపోతుంది. స్టార్ట్ చేసి చూద్దాం అనే ముందు దాన్ని మార్చండి.

మిగతాది వైరింగుకీ బ్యాటరీకీ (సగం ఎలకలు తిన్నాయి, గడ్డివాము పక్కన పెడితే తినక ఏం చేస్తాయి), నాలుగు టైర్లకీ, బ్రేకులకీ, క్లచ్చికీ, సీట్లకీ. సామాను కోసం విజయవాడ ఆటోనగర్ మూడుసార్లు తిరిగాను. దొరకని వస్తువు లేదు. లక్షల్లో అమ్ముడైన బండికి ఉన్న సుఖం అది. ముఖ్యంగా ఏ పనికీ ల్యాప్‌టాప్ అవసరం రాలేదు. పది, పన్నెండు, పద్నాలుగు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు, చెట్టు నీడ. బోరు మోటారు విప్పి బిగించుకునే రైతుకి ఈ ఇంజను కొత్త కాదు.

పెట్రోలు సంగతి ఒకటి చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. కార్బొరేటర్ బండ్లు దాని కోసం చేసినవి కావు. పాత రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ లోపలి వాషర్లు, పంపు డయాఫ్రం త్వరగా దెబ్బతింటాయి. వాటన్నిటినీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించండి, ఖర్చు పెద్దదేం కాదు. ట్యాంకులో పెట్రోలు పోసి నెలల తరబడి వదలకండి. ఇథనాల్ తేమ పట్టుకుంటుంది, ట్యాంకు లోపల తుప్పు మొదలవుతుంది. వరి కోసాక మొక్కజొన్న వేసే మనిషిగా ఇథనాల్‌ని నేను తిట్టలేను. మన గింజ కొనేది ఆ ఫ్యాక్టరీలే. కానీ మన గింజతో చేసిన దాన్ని మన పాత బండి అరిగించుకోలేకపోతోంది. పట్నంలో కూర్చున్న వాడికి ఇది నవ్వులాట. రెండు వైపులా మనమే ఉన్నాం కాబట్టి మనకి కాదు.

ఇప్పుడు రెండో రకం వాళ్ల సంగతి. పాత బండి పోస్టు పెట్టగానే "పాతవే బంగారం అన్నా, ఇప్పటివన్నీ డబ్బా రేకులు" అని వస్తారు. వీళ్లు కూడా నాకు నచ్చరు. 800ని ముద్దు చేసేవాడు ఆల్టోని తిట్టాలని ఎక్కడుంది? బంగారం అయితే రోజూ మీరెందుకు నడపడం లేదు? నిజం చెప్పుకుందాం. ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ లేని 800లో గుంటూరు వెళ్లి రావడం శిక్ష. నాలుగే గేర్లు, 80 దాటితే ఇంజను అరుస్తుంది. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. నా 800 జాతీయ రహదారి ఎక్కదు, పిల్లల్ని దాంట్లో దూరం తీసుకెళ్లను. కాలవ గట్టు మీద పొలానికి, పక్క ఊరు ఎరువుల కొట్టుకి, సంతకి. దాని పని అది, ఆ పనిలో దాన్ని కొట్టే బండి లేదు. గట్టు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తే పెద్ద బండి వాడు అర కిలోమీటరు వెనక్కి నడపాలి. నేను రెండు చక్రాలు గడ్డిలోకి దింపి పక్కకి జరుగుతాను.

ఆల్టో సుఖం ఆల్టోదే. క్లచ్ లేని రకం తీసుకున్నాం, గేర్లు అదే మార్చుకుంటుంది. మా ఆవిడకి 800 క్లచ్చి అంటే భయం, నలభై ఎనిమిదో ఏట దీని మీద నేర్చుకుంది. ఇప్పుడు డ్వాక్రా మీటింగుకి తనే నడుపుకుంటూ వెళ్తోంది, వెనక ముగ్గురు అక్కచెల్లెళ్లని ఎక్కించుకొని. తెల్లవారుజామున హైదరాబాద్ బయలుదేరితే ఏసీ వేసుకొని, మాట్లాడుకుంటూ, అలసట లేకుండా చేరుతున్నాం. 998 సీసీ, 67 గుర్రాల బలం. అంత తేలిక బండికి అది చాలా ఎక్కువ, ట్రాక్టరుని దాటాలంటే తొక్కితే చాలు ఉరుకుతుంది. కంపెనీ లీటరుకి 24.9 అంటుంది, నాకు హైవే మీద 23 దాకా, ఊళ్ల మధ్య 19-20 వస్తోంది. టైమింగ్ బెల్టు బదులు చైను ఉంది, ఆ గొడవ లేదు. ఇథనాల్ పెట్రోలుకి తగ్గట్టుగా చేసిందే.

ఇంకొకటి చెబితే నవ్వుతారు. ఇదీ మూడు సిలిండర్లే. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆ చిన్న వణుకు, ఆ గొంతు, బానెట్ మూసి వింటే తాతా మనవళ్లని తెలిసిపోతుంది.

ఆల్టోలో నాకు నచ్చనిది లేకపోలేదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే మా ఊరి మెకానిక్ చేతులెత్తేస్తాడు, స్కానర్ ఉన్న చోటుకి పోవాలి. ఒక సర్వీసు సెంటర్‌లో ఉచిత సర్వీసు అని పిలిచి, అడక్కుండా ఇంజన్ క్లీనింగ్, ఏసీ క్లీనింగ్ అని 1,800 బిల్లు వేశారు. రాసిచ్చిన కాగితంలో లేని పని తీసెయ్యమని నిలబడితే తీసేశారు. మీరూ నిలబడండి. బాగు చేసుకునే హక్కు మన చేతుల్లోంచి స్కానర్ ఉన్నవాడి చేతుల్లోకి పోవడం మంచిది కాదు. దాని మీద కొట్లాడాలి గానీ, దాని కోసం కొత్త బండే వద్దనడం తలనొప్పికి తల తీసేసుకున్నట్టు.

"చిన్న కారు గుద్దితే పచ్చడే" అంటారు పెద్ద బండి వాళ్లు. వీళ్ల వాదనలో ఇదొక్కటే బరువైన మాట, కాబట్టి దాటెయ్యను. 2023లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు రెండు ఎయిర్‌బ్యాగుల ఆల్టో కే10ని గుద్ది చూసి, పెద్దవాళ్ల భద్రతకి ఐదుకి రెండు స్టార్లిచ్చారు. గొప్ప మార్కులు కావు. 2025 నుంచి అన్ని రకాలకీ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇస్తున్నారు, అది మెరుగే గానీ రేకు అదే. దీన్ని ఇంకా గట్టిగా చెయ్యమని కంపెనీని అడగాలి, నేను అడుగుతూనే ఉంటాను. అయితే ఈ మాట చెప్పి పెద్ద బండి కొన్న వాళ్లలో ఎంతమంది బెల్టు పెట్టుకుంటున్నారో మన ఊరి రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టండి. ఇంట్లో ఒకే ఒక్క మోటార్ సైకిలు మీద భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ముందు బియ్యం సంచి. ఆ కుటుంబానికి చిన్న కారు ప్రమాదం అని చెప్పి పెద్దది కొనే దాకా ఆగమంటే, వాళ్లని ఆ మోటార్ సైకిలు మీదే ఉంచుతున్నట్టు.

ఇక కిస్తీల లెక్క. ఫోన్ తీసుకొని నాతో పాటు వెయ్యండి. 12 లక్షల అప్పు, 9.5 శాతం వడ్డీ, 7 ఏళ్లు. నెలకి 19,600 పైచిలుకు. ఏడేళ్లలో కట్టేది మొత్తం 16 లక్షల 47 వేలు. అంటే వడ్డీయే దాదాపు నాలుగున్నర లక్షలు. ఆ వడ్డీ డబ్బుతో షోరూంలో ఒక ఆల్టో వస్తుంది.

దీన్ని ధాన్యంలోకి మార్చండి. 2025-26కి సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాకి 2,369. మన 75 కేజీల బస్తా 1,777. నెల కిస్తీకి 11 బస్తాలు. ఏడాదికి 132 బస్తాలు. ఎకరానికి 33 బస్తాలు దిగితే మంచి పంటే అనుకుంటే, నాలుగెకరాల పంట మొత్తం బండి తినేస్తుంది. పెట్టుబడి తియ్యలేదు, కౌలు తియ్యలేదు, కోత కూలి తియ్యలేదు. డీజిలు పొయ్యలేదు, ఇన్సూరెన్సు కట్టలేదు. నాలుగెకరాలు ఏడేళ్ల పాటు బండికి కౌలుకిచ్చినట్టే కదండీ!

పైగా కిస్తీ నెల నెలా వస్తుంది. మనకి డబ్బు ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది. జీతగాడికి ఒకటో తారీఖు ఉంటుంది. మనకేముంది? అక్టోబర్‌లో తుపాను వచ్చి చేను పడుకున్నా ఐదో తారీఖున ఫోన్ మోగుతుంది. అప్పుడు మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి బండి కిస్తీ కట్టిన వాళ్లు నాకు తెలుసు. మీకూ తెలుసు.

నా 800కి పెట్టిన 96 వేలు ఇలాంటి కిస్తీ ఐదు నెలలది కూడా కాదు. ఆల్టోకి సగం మినుముల డబ్బు, సగం అప్పు. 3 లక్షలు, మూడేళ్లు, నెలకి 9,600. అదీ భారమే, కానీ ఒక పంట పోయినా లాగగలను. నిరుడు సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్లకి పన్ను 29 నుంచి 18కి తగ్గించారు, ఆల్టో షోరూం ధర 3 లక్షల 70 వేల దగ్గర మొదలవుతోంది. అదే రోజు ట్రాక్టరు మీద పన్ను కూడా 12 నుంచి 5కి తగ్గింది, మనవాళ్లు చాలామంది దాని గురించి అడగనైనా లేదు. పెద్ద బండి మీద ఎంత తగ్గిందీ అని మాత్రం లెక్కలు వేశారు.

అసలు రోగం వేరే ఉంది. సంబంధం చూడటానికి ఆల్టోలో వెళ్తే పిల్ల వాళ్లు తక్కువగా చూస్తారట. పెళ్లి పందిరి దగ్గర చిన్న కారుని వెనక్కి పెట్టుకోమంటారట. ఈ మాట నాతో అన్న పెద్దమనిషికి ఐదెకరాలు సొంతం, ఎనిమిది కౌలు, 14 లక్షల బండి. పదేళ్లు ఈ దేశానికి ప్రధానమంత్రిగా ఉన్న మన్మోహన్ సింగ్ గారికి సొంతానికి ఉన్నది 1996 మోడల్ మారుతి 800, ఎన్నికల అఫిడవిట్‌లో ఆయన రాసిచ్చిన కారు అదే. ఆయన కన్నా పరువుగా బతికేస్తున్నామా మనం? కారు చూసి పిల్లనిచ్చే ఇంటికి, రేపు కిస్తీ తప్పి ఫైనాన్స్ వాడు బండి తీసుకుపోయాక పిల్లని ఏ మొహం పెట్టుకొని పంపుతారో అడగాలనిపిస్తుంది.

ఎనిమిది మంది ఉన్న ఇల్లు, రోజూ పనికి పెద్ద బండి నిజంగా కావాల్సిన వాళ్లు, చేతిలో డబ్బున్న వాళ్లు కొనుక్కోండి, నాకేం అభ్యంతరం? నా గొడవ అప్పు చేసి ఎత్తు పెరిగే వాళ్లతో. దేశంలో ఇప్పుడు అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా ఆ ఎత్తు బండ్లే. చిన్నవి కొనే వాళ్లు తగ్గితే కంపెనీలు చిన్నవి చెయ్యడం మానేస్తాయి. 796 సీసీ ఆల్టో 800ని 2023లో ఆపేశారు. కే10 కూడా ఆగితే ఆ తర్వాత మన పిల్లలకి మొదటి కారు పది లక్షల దగ్గర మొదలవుతుంది, లేదా మళ్లీ మోటార్ సైకిలే.

పాకలో 800 ఉన్న వాళ్లు ఈ వారం ఒక పని చెయ్యండి. ఆర్‌సీ తీసి గడువు తేదీ చూడండి. గడువుకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. ఆలస్యమైతే నెలకి 500 అదనం పడుతుంది, ఏళ్ల తరబడి వదిలేస్తే అదే బండి ఖరీదవుతుంది. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం చేతిలో ఉండాలి. బ్రేకులు, లైట్లు, హారను, అద్దాలు సరిచేయించి తీసుకెళ్లండి, రంగు తర్వాత చూసుకోవచ్చు. చాప ఎత్తి అడుగు చూడండి. డిక్కీలో ఎరువు బస్తా వెయ్యక తప్పకపోతే కింద టార్పాలిన్ పట్టా పరిచి, దించాక దులిపి నీళ్లు కొట్టండి. తుక్కు బేరగాడు మళ్లీ వస్తే రూలు ఏ కాగితంలో ఉందో చూపించమని అడగండి.